ఏమీ లేదని చెప్పిన తెర

బళేపేట, బెంగళూరు
8 జూన్ 2025

చేతన్‌కు,

ల్యాప్‌టాప్ చేరింది. నీ స్నేహితుడు రియాజ్ నిన్న తెచ్చి ఇచ్చాడు. కాఫీ తాగి వెళ్లాడు. ఫోన్ చేయవద్దు, మాట మధ్యలో ఆగిపోతోంది. రాయి. నేనూ ఫోన్‌లోనే మెయిల్‌గా రాస్తాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. మీ కంపెనీవాళ్లు తయారుచేసే ప్రోగ్రాం తెరిచి ‘కొత్త మెషీన్’ నొక్కాను. మీ అక్క కంప్యూటర్ నుంచి నువ్వు తీసిన నకలును డిస్కుగా చూపించాను. ఆ తరువాత అన్నిటికీ ‘నెక్స్ట్’ కొట్టమన్నావు, కొట్టాను. చివరికి ఒక నల్ల తెర వచ్చింది. అందులో ఇంగ్లీషులో ఒక్క వాక్యం: బూట్ చేయగల పరికరం లేదు. మళ్లీ చేసినా అదే వాక్యం.

మీ అక్క కర్మలు ముగిసిన వారానికే పాత కంప్యూటర్ పెట్టెను నువ్వు హూడిలో మీ ఇంటికి తీసుకుపోయావు. అప్పటికి అది నడుస్తూనే ఉంది. ఇక ఎక్కువ రోజులు నడవదని, మీ అక్క చీరల అంచులు గీయడానికి వాడిన బొమ్మల ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో పనిచేయదని చెప్పావు. అందుకే పాత పెట్టె మొత్తాన్నీ ఉన్నది ఉన్నట్టుగా కొత్తదాని లోపల నడిచేలా చేసి ఇస్తానన్నావు. సరేనన్నాను.

సెప్టెంబరులో సంవత్సరీకం. మీ అక్క ముత్తైదువగా పోయింది కాబట్టి ఆ రోజు ఒక ముత్తైదువకు చీర పెట్టాలి. ఆ చీరకు మీ అక్క గీసిన చివరి అంచు ఉండాలని నా కోరిక. అది ఆ పెట్టెలో ఉంది. చిక్కపేటలో ఆమె అంచులు తీసుకునే నాగరాజును అడిగాను. ధర్మవరంలో మగ్గానికి ఎక్కించి నేయించడానికి రెండు నెలలకు పైనే పడుతుందన్నాడు. ఈ నెల దాటితే కుదరదు.

నువ్వు పంపిన డిస్కులో ఏముందో, అసలు ఏమైనా ఉందో, తెలియజేయి.

ఓబులేష్


హూడి
10 జూన్

బావా,

తిన్నావా? జవాబు రాయవని తెలుసు. అయినా అడగతా ఉండా. మా ఆవిడ ప్రియాంక కూడా అడగమనింది.

డిస్కు ఖాళీ కాదు, తప్పు నాది. అన్నిటికీ నెక్స్ట్ కొట్టమని రాసేసినా. మేం ఆఫీసులో రోజూ చేసే పని కాబట్టి అందులో ఒక ఎంపిక ఉండాదనేదే మర్చిపోయినా.

విషయం ఇది. ఏ కంప్యూటరైనా ఆన్ చేస్తే అన్నిటికంటే ముందు ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. విండోస్ ఎక్కడుందో వెతికి నిద్రలేపేది అదే. అవి రెండు రకాలు. పాత రకం డిస్కులో మొదటి గడి చూస్తుంది. కొత్త రకం తనకోసం వేరే అర కట్టి పెట్టినారా అని చూస్తుంది, అర కనపడకపోతే ఏమీ లేదనేస్తుంది. అక్క పెట్టె పాతది, అందులో ఆ అర లేదు. మా టూల్ మనం ఏమీ చెప్పకపోతే కొత్త రకాన్నే పెట్టేస్తుంది. నువ్వు సెట్టింగ్స్‌లోకి పోయి, ‘ఫర్మ్‌వేర్’ అనే చోట ‘బయాస్’ అని మార్చు. అదే పాత రకం. అంతే.

ఒక్క మాట బావా. తెరుచుకున్నాక నువ్వొక్కడివే లోపల వెతకొద్దు. నేనొచ్చి చూపిస్తా. ఈ ఆదివారం కుదరదు, ఆఫీసులో టూల్ కొత్త రిలీజ్ పని ఉండాది. ఆ పై ఆదివారం కచ్చితంగా వస్తా. అంతవరకు తెరిచి చూసి మూసేయ్, చాలు.

మా వీధికి నాలుగు రోజులుగా నీళ్ల ట్యాంకర్ రాలేదు. ప్రియాంక ట్యాంకరోడితో కన్నడంలో కొట్లాడి, వాడు తెలుగోడని తెలిసినాక తెలుగులో మళ్లీ మొదలుపెట్టింది.

నీ బామ్మర్ది
చేతన్


బళేపేట
12 జూన్

చేతన్,

సెట్టింగ్స్ తెరిచాను. ‘ఫర్మ్‌వేర్’ అనే మాట ఉంది. దాని పక్కన గడిలో ఏవో అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి పేరు ఉంది. ‘బయాస్’ అన్న మాట ఎక్కడా లేదు. గడి బూడిదరంగులో ఉంది. నొక్కితే నొక్కుకోదు. మార్చమని నువ్వు రాసినది మార్చడానికి వీలులేనిది. నువ్వు ఇదే ప్రోగ్రాం తయారుచేసి జీతం తీసుకుంటున్నావు. ఈ సంగతి నీకు తెలియదని నమ్మడం కష్టంగా ఉంది.

తెరుచుకున్నా వెతకవద్దన్నావు. మీ అక్క పెట్టెలో నేను చూడకూడనిది ఏముంటుంది?

ఆలస్యమవుతుందని చెప్పడానికి నిన్న నాగరాజు కొట్టుకు వెళ్లాను. దుకాణం ముందు కొయ్యకు ఆకుపచ్చ చీర వేలాడదీసి ఉంది. అంచులో మామిడి మొగ్గలు. తొడిమలన్నీ ఎడమకు వంగి ఉన్నాయి. ఇంకెవరు గీసినా కుడికి వంచుతారు. మీ అక్కది ఎడమచేతివాటం.

ప్రతి అంచూ బయటికి పోయే ముందు మీ అక్క నాకు చూపించేది. ఇది నేను చూడలేదు. ఎక్కడిదని నాగరాజును అడిగాను.

“ఏమప్పా, మీ ఇంటిదే గదా! రంజితమ్మ చేయి తెలీదా నాకు? మీ బామ్మర్ది తెచ్చిచ్చినాడు పెన్ డ్రైవ్‌లో. ఇదొకటి, ఇంకొకటి. బాగా పోతా ఉండాది చీర. మీకు తెలీకుండా ఎట్లుంటాది?” అన్నాడు.

“తెలుసు” అని వచ్చేశాను. ఎప్పుడు తెచ్చాడని అడగలేదు. ఆయన ఎదుట అడగడానికి సిగ్గేసింది.

మీ అక్క గత ఏడాది ఏప్రిల్‌లో పని మానేసింది. డాక్టరు మానమన్నాడు. కుర్చీని అటక ఎక్కించింది నేనే. ఆ తరువాత ఆ పెట్టె ముందు ఎవరూ కూర్చోలేదు. సెప్టెంబరులో ఆమె పోయింది, పెట్టె నీ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు నేను చూడని అంచులు అంగట్లో ఉన్నాయి. నాకు పంపిన డిస్కులో ఏమీ లేదు.

వీటిని కలిపి చదివితే ఏమవుతుందో నువ్వే రాయి.

ఓబులేష్


హూడి
14 జూన్

బావా,

నేను దొంగతనం చేయలేదు. అంచులు ఇచ్చింది నేనే, అది నిజం. ఇంతకన్నా ఉత్తరంలో చెప్పలేను, ఎదురుగా చెబుతా. నాగరాజు దగ్గరకు పోయి విచారించే బదులు నన్నే అడిగుంటే బాగుండేది. పదేళ్లప్పటినుంచి మీ ఇంట్లో పెరిగినా. నా బడి ఫారాల్లో సంరక్షకుడని సంతకం నీదే ఉండేది.

బూడిదరంగు గడి సంగతి. అది మా టూల్‌లో ఉండే తిక్క. మెషీన్ తయారుచేసేటప్పుడే ఫర్మ్‌వేర్ ఎంచుకోవాల. ఒకసారి తయారైనాక మార్చనీదు. నాకు గుర్తులేదు, ఎందుకంటే నేనెప్పుడూ తప్పు రకంతో మొదలుపెట్టలేదు. ఆ మెషీన్‌ను డిలీట్ చేసి, మొదటినుంచి కొత్తది చెయ్యి. డిలీట్ చేసేటప్పుడు ‘డిస్కును కూడా తొలగించు’ అని ఒక టిక్ ముందే పెట్టి ఉంటుంది. అది తప్పకుండా తీసెయ్. మర్చిపోయినావంటే నకలు పోతుంది. జాగ్రత్త.

లేదా ఏమీ ముట్టుకోకుండా నేనొచ్చేదాకా ఆగు.

చేతన్


బళేపేట
16 జూన్

శ్రీ చేతన్ గారికి,

మీ ఉత్తరం అందింది.

మొదట నెక్స్ట్ కొట్టమన్నారు. కొడితే ఏమీ లేదని వచ్చింది. తరువాత మార్చమన్నారు. మార్చడానికి వీలులేదు. ఇప్పుడు డిలీట్ చేయమంటున్నారు. చేస్తే నకలు పోవచ్చునని మీరే రాశారు. పోతే, పోగొట్టింది నేనవుతాను. నేను చేయను.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్‌ను పిలిపించాను. అతను చూసి ఇలా అన్నాడు: “సార్, ఇందులో ఏం లేదు సార్. ఎవరో సాఫ్ చేసినారు. తెలిసినోళ్ల పనే, తెలీనోళ్లకు ఇంత నీట్‌గా రాదు.” అప్పటికీ నేను మీ పేరు చెప్పలేదు.

మీ ప్రోగ్రాం లేదంటోంది. మస్తాన్ లేదంటున్నాడు. ఉందంటున్నది మీరొక్కరే. అంచులు ఇచ్చినట్టు ఒప్పుకున్నారు. ఎందుకో రాయలేనంటున్నారు.

ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టాను. దాని మీద ఎవరి చేయీ పడదు, మీదీ పడదు. నాకు పాత పెట్టె కావాలి. అది ఇప్పుడు ఎక్కడ ఉంది? రియాజ్ ద్వారా పంపండి. మీరు రానవసరం లేదు.

సంవత్సరీకానికి ఎవరెవరికి కబురు పంపాలో ఇంకా నిర్ణయించలేదు.

ఇట్లు,
కె. ఓబులేష్


హూడి
19 జూన్

బావా,

ఆ ‘గారు’ తీసెయ్. నీ ఉత్తరాన్ని ప్రియాంక నా భుజం మీదనుంచి చదివి, “చెప్పేయ్. అక్కకిచ్చిన మాటకంటే బావ ముఖ్యం ఇప్పుడు” అనింది. చెప్తా ఉండా.

పాత పెట్టె లేదు. నకలు తీసిన సాయంత్రమే దాని డిస్కు టక్‌టక్ అని చచ్చిపోయింది. నీకు చెప్పే ధైర్యం రాలేదు. నకలు ఉండాది గదా, ఎందుకు బాధపెట్టేదని ఊరుకున్నా. నీకిచ్చింది కాక ఇంకో నకలు నా బీరువాలో ఉండాది. కాబట్టి నీ చేతిలో ఏం జరిగినా ఏదీ పోదు. ఈ మాట మొదటే రాయాల్సింది.

ఇంక అంచుల సంగతి. అక్క పని మానలేదు బావా. నువ్వు మధ్యాహ్నాలు మందులకూ రిపోర్టులకూ పోయినప్పుడు, వంటింటి స్టూలు తెచ్చుకోని కూర్చునేది. శనివారం నేనొస్తే పెన్ డ్రైవ్ చేతిలో పెట్టేది. మొగ్గల అంచు జూన్‌లో ఇచ్చింది, ఇంకొకటి జులైలో. బతికుండగా తనే ఇచ్చింది, నేను మోసినా, అంతే. “వద్దక్కా” అంటే, “మీ బావకు తెలిస్తే నన్నూ ఆ కుర్చీ పక్కనే అటకెక్కిస్తాడు. నోరు మూసుకోని తీస్కపోరా” అనేది. నీకు చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకుంది. “ఆయన నన్ను విశ్రాంతిగా ఉంచినాననుకుంటా ఉండాడు. ఆయనకు ఉండేది అదొక్కటే. అది తీయొద్దు” అనింది.

అందుకే నువ్వొక్కడివే వెతకొద్దన్నా. ప్రతి ఫైలు పక్కన తారీఖు ఉంటుంది. ఏప్రిల్ తరువాత తారీఖులు చూస్తే నీకు తెలిసిపోతుంది. ముందు వాటిని పక్కకు పెట్టి, తరువాత నీకు చూపిద్దామనుకున్నా. దాచినా. అది ఒప్పుకుంటా.

మస్తాన్ మీద కోపం లేదు. అతను కూడా ఆ తెరనే నమ్మినాడు.

బుధవారం మీటింగులో నీ పేరు చెప్పకుండా ఈ కథ చెప్పినా. మా మేనేజర్ బాలరాజు నవ్వినాడు. “ఫర్మ్‌వేర్ తెలీనోళ్లు మన టూల్ ఎందుకు వాడతారు మారాయా?” అన్నాడు. మా టూల్ తెరలు గీసే ఆశ అనే అమ్మాయి అక్కడే తన కాలేజీ రోజుల డిస్కు నకలు పెట్టి, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టి, అందరికీ తిప్పి చూపించింది. అదే నల్ల తెర. “ఇప్పుడు చెప్పండి సార్, నా డిస్కును ఎవరు సాఫ్ చేసినారు?” అనింది. బాలరాజు నవ్వడం మానేసినాడు.

రిలీజ్ ఆపినారు. ఇకమీద టూలే డిస్కును చూసి, పాతదా కొత్తదా కనుక్కోని, సరైన రకాన్ని తనే పెడుతుంది. పొడవాటి పేర్లు పోతాయి. ‘పాత కంప్యూటర్ల పద్ధతి’, ‘కొత్త కంప్యూటర్ల పద్ధతి’ అని రెండే ఉంటాయి. తప్పు రకం పడినా తరువాత మార్చుకోవచ్చు. డిలీట్ దగ్గర ముందే పెట్టిన టిక్ కూడా తీసేస్తారు. ఆ నల్ల తెర మీద వాక్యం మాత్రం ఎవరికీ కుదరడం లేదు. నువ్వు రైల్వే విచారణ కిటికీలో కూర్చోని ఉద్యోగమంతా జనానికి జవాబు చెప్పినోడివి. అక్కడ ఏమని రాయాలో నువ్వు చెప్పు.

డిలీట్ వద్దు. పాతదాన్ని అట్లే వదిలేసి ఇంకో మెషీన్ తయారుచెయ్యి. ఈ డిస్కును ఇంకోటి వాడుతోంది, అయినా వాడాలా అని అడుగుతుంది. అవుననాల. ఆ రెండోదాన్నే నడిపించు, మొదటిదాన్ని ముట్టుకోవద్దు. చివరి పేజీలో అడుగున ‘మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్ చూస్తాను’ అని చిన్న అక్షరాల్లో ఒక గడి ఉండాది. టిక్ పెట్టు. అప్పుడు ఫర్మ్‌వేర్ గడి తెల్లగా ఉంటుంది, బయాస్ కూడా కనపడుతుంది. అది ఎంచుకో.

నమ్మితే చెయ్యి. నమ్మకపోతే నేను నా నకలు పట్టుకోని వచ్చి గేటు బయట నిలబడతా. లోపలికి పిలవకపోయినా పరవాలేదు.

నీ
చేతన్


బళేపేట
22 జూన్

చి. చేతన్‌కు,

నువ్వు చెప్పిన ప్రకారం ఈ ఉదయం చేశాను. గడి తెల్లగానే ఉంది. మార్చాను. తెరుచుకుంది.

అన్నీ ఉన్నాయి. తారీఖులతో సహా ఉన్నాయి.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఆమె పని మానలేదని నాకు తెలుసు. మందుల కొట్టు నుంచి వచ్చి చేయి పెడితే ఆ పెట్టె పైన వేడిగా ఉండేది. తరువాత్తరువాత మెట్ల మలుపులోనే ఆగేవాణ్ణి. పైన చప్పుడు ఆగేదాకా కూర్చుని, ఆ తరువాత తలుపు తట్టేవాణ్ణి. ఆమె వచ్చి, నిద్రపోయి లేచినట్టు తలుపు తీసేది. నేను చూడలేదనుకుంటే ఆమెకు హాయిగా ఉంటుందనిపించి ఊరుకున్నాను. ఏం గీస్తోందో ఎన్నడూ చూడలేదు. ఆ గీసినవి నీ ద్వారా బయటికి పోతున్నాయని తెలియదు. అన్నీ పెట్టెలోనే ఉన్నాయనుకున్నాను. ఆమె దాచిన సంగతి నాకొక్కడికే తెలుసని కూడా అనుకున్నాను. అందుకే ఏప్రిల్ తరువాత ఆ పెట్టె ముందు ఎవరూ కూర్చోలేదని నీకు రాశాను. ఆమె దాచినదాన్ని నేను దాచాను. అదే నువ్వూ దాచావు. ఇద్దరం ఆమె వైపే ఉండి ఒకరినొకరు అనుమానించుకున్నాం. అనుమానించింది నేను. నువ్వు కాదు. సరిచేసి రాస్తున్నాను.

చివరి అంచు ఆగస్టు నెలాఖరుది. అనపకాయలు. కూరకు గింజలు ఒలుచుకునే అనపకాయలను చీర అంచుకు ఎవరైనా వేస్తారా? వేసింది. కొన్ని కాయలు విచ్చుకుని గింజలు కనబడుతున్నాయి. ఆ నెలలో ఆమె గంజి తప్ప ఏమీ తినలేకపోయేది. అంచు పూర్తయింది. కొంగు గీయలేదు. ఖాళీ గళ్లు మిగిలాయి.

నాగరాజును ఇంటికి పిలిచి చూపించాను. “కొంగు మా వాళ్లు గీస్తారులేప్పా, జోడీ కుదురుతాది” అన్నాడు. వద్దన్నాను. కొంగు సాదాగా ఉంటుంది. రంజిత ఎంత గీస్తే అంత. మగ్గం వాళ్లకు రేపు పంపుతున్నాడు.

నువ్వు అడిగిన వాక్యం. విచారణ కిటికీలో మొదటి రోజే మాకు నేర్పింది ఒకటుంది. రైలు జాడ తెలియకపోతే తెలియలేదనే చెప్పాలి, రైలు లేదని చెప్పకూడదు. లేదంటే మనిషి సామాను ఎత్తుకుని ఇంటికి పోతాడు. మీ తెర నన్ను అలాగే పంపేసింది. ఇలా రాయండి:

‘ఈ డిస్కును కొత్త పద్ధతిలో తెరవబోయాను. దారి దొరకలేదు. డిస్కు ఖాళీ అని దీని అర్థం కాదు. ఇది పాత కంప్యూటర్ నుంచి తెచ్చినదైతే పాత పద్ధతిలో తెరిచి చూడండి.’

పొడుగైందని మీ బాలరాజు అంటే, ఒక్క మాట కూడా తీయవద్దని చెప్పు.

సంవత్సరీకానికి నీకు కబురు పంపడమేమిటి? కార్యం నువ్వే దగ్గరుండి చేయించాలి. ఆ చీర ప్రియాంకకు పెడతాను. తనకు ఇష్టమేనా అని అడుగు.

ఒక సందేహం. ఉదయం నుంచి ఆ మెషీన్‌ను నడుస్తున్నట్టే ఉంచాను. భోజనానికి లేచినప్పుడు కూడా ఆపలేదు. ల్యాప్‌టాప్ వేడెక్కింది. ఆపితే మళ్లీ ఇలాగే తెరుచుకుంటుందా, లేక ఆ నల్ల తెర వస్తుందా? తెరుచుకుంటుందని నువ్వు రాస్తే ఆపుతాను.

ఓబులేష్


హూడి
22 జూన్, సాయంత్రం

బావా,

తెరుచుకుంటుంది. ఆపు.

చేతన్


బళేపేట
22 జూన్

చేతన్,

ఆపాను.

బావ